విత్తనానికి పోయిన తోటకూర మడి

తుమ్మెదకోన అనే అడవిలో కుందేళ్ళు, జింకలు, అడవిపందులు, చిలకలు కలిసిమెలిసి ఉండేవి. అడవి అంచున ఒక పాత బంగళా ఉంది. అందులో ఉండే దొరగారు ఓడెక్కి తన దేశం వెళ్ళిపోయారు. తోటమాలి రావడం మానేశాడు. కంచె ఒరిగిపోయింది. పెరట్లో ఎర్ర తోటకూర మడి మాత్రం మిగిలింది. ఎండాకాలంలో కోన మొత్తానికి పచ్చనాకు దొరికేది అక్కడొక్కచోటే.

జాజి అనే పడుచు కుందేలుకి ఆ మడంటే ప్రాణం. తెల్లారి ఎండ పడి ఆకుల ఈనెలు ఎర్రగా మెరుస్తుంటే చూస్తూ కూర్చుని తినడమే మరిచిపోయేది. "దీనికి కళ్ళు నిండితే చాలు, కడుపు సంగతి పట్టదు" అని తల్లి దెప్పేది.

కొన్నాళ్ళకు మొక్కలు నిలువుగా ఎదిగాయి. కాడ గట్టిపడింది. ఆకు నమిలితే అంతా పీచే. మొక్క మొక్కకూ కంకి వచ్చి పెళ్ళికూతురి జడకుచ్చులా గాలికి ఊగసాగింది.

కోనలో ఒక కట్టుబాటు ఉండేది. పచ్చగా ఉన్న చోటును పందులు తవ్వకూడదు. చెడిపోయిన చోటైతే ఇష్టమొచ్చినట్టు తవ్వుకోవచ్చు. చెడిపోయిందో లేదో తేల్చి చెప్పేది పలుకులరాయుడు అనే చిలక. అతను ఒకప్పుడు ఆ బంగళా వసారాలో పంజరంలో ఉండి దొరల మాటలు నేర్చాడు. అందుకని అతని మాటంటే అందరికీ గురి.

గుబ్బలయ్య అనే పంది ఆ మొక్కల వేర్ల మీద కన్నేసి చిలకను పిలుచుకొచ్చాడు. జింకలూ కుందేళ్ళూ చుట్టూ చేరాయి.

పలుకులరాయుడు మడిని ఓరగా చూసి, "విత్తనానికి పోయింది" అన్నాడు. "దొరల భాషలో ఆ మాటకు పనికిరాకుండా పోయిందని అర్థం. బండి తుప్పు పట్టినా, మనిషి మాసిపోయి మూలన పడ్డా దొరగారు అదే అనేవారు."

జాజికి ఆ మాట వింతగా తోచింది. "మరి చెడిపోయినదాని మాటలోకి విత్తనం ఎందుకొచ్చింది మామా? నువ్వు రోజూ తినేవి విత్తనాలే కదా."

జింకలు కిసుక్కున నవ్వాయి. చిలక ఈకలు నిక్కబొడుచుకున్నాయి. "అది భోజనం. ఇది సామెత. రెండూ కలపకు పిల్లా."

"అలా మొదట ఎవరన్నారు? దేన్ని చూసి అన్నారు?"

"ఎవరంటే నీకెందుకు? అర్థం చెప్పాను, తీర్పు ఇచ్చాను. గుబ్బలయ్యా, రేపు పొద్దున నీ ఇష్టం."

మడి పోతే వచ్చే ఎండాకాలం పిల్లలకేం పెట్టాలని తల్లి బెంగ పెట్టుకుంది. జాజికి ఆ బెంగతోపాటు ఈ ప్రశ్న కూడా గుండెలో గిలగిల్లాడింది. సాయంత్రం బంగళా వెనక పగుళ్ళిచ్చిన నీళ్ళతొట్టి దగ్గరికి వెళ్ళింది. అందులో ఒక ముసలి కప్ప ఉండేది. బంగళా కళకళలాడిన రోజులు చూసిన కప్ప అది.

"తాతమ్మా, చెడిపోయినదాన్ని విత్తనానికి పోయిందని ఎందుకంటారు?"

"అది తోటలో పుట్టిన మాటే తల్లీ" అంది కప్ప. "దొరసాని బుట్ట పట్టుకుని ఆకు కోసం వచ్చేది. రావడం ఆలస్యమైతే మొక్క గింజ కట్టేసేది. ఆకులో సారమంతా గింజలోకి పోయేది. ఇది విత్తనానికి పోయిందని మొహం మాడ్చుకునేది. ఆలనాపాలనా లేని తోటకు అదే గతి కదా. అందుకే ఆలనాపాలనా లేని మనిషినీ అలాగే అనడం మరిగారు."

"తోటమాలి కూడా మొహం మాడ్చుకునేవాడా?"

"వాడికేం ఖర్మ? ఒక సాలు కొయ్యకుండా వదిలేసి, గింజ నల్లబడేదాకా పిట్టల్ని తోలుకుంటూ కూర్చునేవాడు. మరుసటి ఏడు ఆ గింజే మడి."

జాజి ఊగే కంకుల్ని చూసింది. "అయితే అది ఆకు కోసం వచ్చినవాళ్ళు అన్న మాట. మొక్కనడిగితే ఇంకోలా చెప్పేదేమో" అనుకుంది.

పొద్దున్నే గుబ్బలయ్యకు ఎదురెళ్ళింది. "మామా, ఎటూ చెడిపోయిందంటున్నారు. బంగళా గోడ పక్క మూల నాకొదిలితే నీకేం పోతుంది?"

"పీచు నమిలి పళ్ళూడగొట్టుకుంటానంటే నాకేం? తీసుకో" అన్నాడు గుబ్బలయ్య.

మిగతా మడినంతా కుళ్ళగించి, వేర్లు నమిలి, మధ్యాహ్నానికే పని ముగించాడు. పలుకులరాయుడు చెట్టెక్కి, "చెడిపోయినదానికి కాపలాకత్తె, చూశారా" అని ఎగతాళి చేశాడు. పిచ్చుకలు వాలితే జాజి కాళ్ళతో నేల దబదబా కొట్టి తోలింది. కంకులు ఎండాక ఒంటితో రాసుకుంటూ నడిచింది. నల్లగా నిగనిగలాడే గింజలు జలజలా రాలాయి. వాటిపై కాళ్ళతో మట్టి కప్పింది.

వానలు పడ్డాయి. పంది తవ్విన చోట గుంటలు, ముళ్ళకంప మిగిలాయి. గోడ పక్కన మాత్రం ఎర్రెర్రని మొలకలు లేచాయి. జాజి వాటిని కూడా గింజ కట్టనిచ్చి, గోడ పొడుగునా చల్లింది.

మళ్ళీ ఎండాకాలం వచ్చేసరికి ఆ గోడ పక్క మడే కోనకు దిక్కయింది. గుబ్బలయ్యకు తవ్వడానికి వేరంటూ దొరకలేదు. పచ్చని చోటు ముట్టకూడదు కనుక డొక్కలెండిపోయి కొండ దాటి వెళ్ళిపోయాడు. పలుకులరాయుడు కూడా ఆకలికి తాళలేక గోడ మీద వాలి తల వంచుకున్నాడు.

"కింద రాలిన గింజలు తిను మామా" అంది జాజి. "ఆకు అందరిదీ. ఈ చివరి సాలు మాత్రం ఎవరూ ముట్టకూడదు."

జంతువులన్నీ, "ఇకమీదట తీర్పులు నువ్వే చెప్పమ్మా. వాగులో నీళ్ళు కూడా చెడిపోయాయట, నిజమేనా?" అని అడిగాయి.

"ఇక్కడ కూర్చుంటే నాకెలా తెలుస్తుంది? పదండి" అని జాజి ముందు నడిచింది. అందరికన్నా వెనక పలుకులరాయుడు కొమ్మ మీంచి కొమ్మకు ఎగురుతూ వచ్చాడు.

నీతి: మాటకు అర్థం తెలిస్తే చాలదు, ఎవరు, దేన్ని చూసి అన్నారో తెలుసుకోకుండా ఆ మాటతో తీర్పు చెప్పకూడదు.