తెల్ల గొర్రెకి నల్ల పిల్ల

ఏమే మంజరీ, అన్నయ్య మళ్ళీ "నిన్ను తవుడిచ్చి కొన్నారు" అన్నాడా? ఇంట్లో ఎవరికీ లేని పిల్లికళ్ళు నీకున్నాయనా? దా, ఈ అమ్మమ్మ పక్కన పడుకో. ముక్కు తుడుచుకో.

అనగనగా ఒక ఊరు, ఆ ఊళ్ళో నేను. ఆరేళ్ళదాన్నే గానీ, నేను తుమ్మితే మూడు ఊళ్ళ కోళ్ళు కూసేవి. ఆ రోజు పొద్దున్నే నాకు చెవులు కుట్టించారు. నేను ఏడిస్తే ఒట్టు! కుట్టిన కంసాలే వలవలా ఏడ్చాడు.

అప్పుడు వీధిలో గొడవ లేచింది. కాటమయ్య మందలో గొర్రెలన్నీ తెల్లవే. అందులో ఒకటి తెల్లారేసరికి బొగ్గులాంటి నల్లపిల్లని ఈనింది. "అది నాది" అంటాడు నల్లగొర్రెల పోలయ్య. దొంగబుద్ధి కాదే, పాపం. ముందురోజు పుట్టిన వాడి పిల్లని నక్క ఎత్తుకుపోయింది. ఆ సంగతి వాడికి తెలీదు. ఏ నల్లపిల్లని చూసినా తనదే అనిపించింది.

ఆ తర్వాత పెదకాపు తీర్పుకి కూర్చున్నాడు. ఆయనకి పొలం తెలుసు గానీ గొర్రెలేం తెలుసు?

"కాటమయ్యా, మీ తాతల నాటినుంచీ గుర్తుకోసం మీ గొర్రెల చెవులకి గాటు పెడుతున్నారు. నీ పిల్లయితే గాటుతోనే పుట్టాలి. దీని చెవి నిండుగా ఉంది. పోలయ్యకి ఇచ్చెయ్" అన్నాడు.

కాటమయ్య నోట్లో నాలుక లేనివాడు. తలొంచుకున్నాడు. తల్లిగొర్రె మాత్రం తాడు తెంపుకునేలా అరుస్తోంది.

అప్పుడు నేను "ఆగండి!" అన్నాను. ఆ కేకకి కొండమీది బండ దొర్లి వాగులో పడింది.

"తాతా, మా ఇంట్లో ఏడు తరాలుగా ఆడపిల్లలకి చెవులు కుట్టిస్తున్నారు. మరి నేను కుట్టిన చెవులతో ఎందుకు పుట్టలేదు? మనం పెట్టిన గాటు పిల్లలకి రాదు!"

పెదకాపు నా వాచిన చెవులు చూసి నాలుక కరుచుకున్నాడు.

ఆ తర్వాత పిల్ల గడ్డం ఎత్తి చూపించాను. మెడకింద రెండు కండ లోలాకులు వేలాడుతున్నాయి. అవి ఎవరూ పెట్టినవి కావు, పుట్టుకతో వచ్చినవి. దాని తండ్రికి, అదే కాటమయ్య పొట్టేలుకీ ఉన్నాయి. పోలయ్య మందలో ఒక్కదానికీ లేవు.

"మరి నలుపెక్కడిదే, పిడుగా?" అన్నాడు పోలయ్య.

అప్పుడు కాటమయ్య భుజమ్మీది తెల్లకంబళి లాగాను. దాని అంచు నలుపు! "ఇదెవరి బొచ్చు?" అన్నాను.

"మా ముసలి గొర్రెది. ఈ తల్లికీ ఆ పొట్టేలుకీ అదే అమ్మమ్మ. కాకి నలుపు" అన్నాడు కాటమయ్య, మొదటిసారి నోరు విప్పి.

చూశావా? ఆ నలుపు ఎటూ పోలేదే. అటు సగం, ఇటు సగం దాక్కుని, రెండూ కలిసినప్పుడు బయటపడింది.

ఆ తర్వాత పిల్లని వదిలారు. తూలుతూ తూలుతూ తెల్లతల్లి పొదుగు దగ్గరికే పోయింది. తల్లి దాన్ని నాకింది. రంగు చూసి నాకిందా?

పోలయ్య కండువాతో మొహం కప్పుకున్నాడు. "ఏడవకు పోలన్నా, మళ్ళీ నల్లది పుడితే నీకే" అన్నాడు కాటమయ్య. ఆ తల్లికి తర్వాత మొదటి ఈతకి తెల్లది. రెండో ఈతకీ తెల్లదే. మూడో ఈతకి పుట్టింది, నిగనిగలాడే నల్లది! పోలయ్య దాన్ని చంకనెత్తుకుని ఊరంతా తిరిగాడు.

ఇప్పుడు అసలు మాట విను. మా అమ్మవి పిల్లికళ్ళు. నాకు రాలేదు, మీ అమ్మకీ రాలేదు. మా అమ్మ పోయాక ఆ కళ్ళు ఇక చూడననుకున్నాను. నువ్వు పాకే రోజుల్లో ఒకసారి నా కొంగు పట్టుకుని తలెత్తి చూశావు. చెవులు కుట్టినా ఏడవనిదాన్ని, ఆ రోజు ఏడ్చానే.

నిన్ను కొనాలంటే ఏ ఊరి తవుడు చాలుతుందే?

కథేమో కంచికి పోయింది,
మా అమ్మ చూపు మనింటికొచ్చింది.