పద్నాలుగు మెట్ల ఏరు

అనగనగా ఒక ఊళ్ళో, ఏటి గట్టు మీద, బట్టలుతికే వాళ్ళింట్లో నాంచారి అనే పిల్ల ఉండేది. అచ్చం నీలాగే, చెప్పిన పని తప్ప అన్ని పనులూ చేసేది.

తెల్లారితే వాళ్ళక్క ఆదెమ్మ పెళ్ళి. పీటల మీద కట్టుకోడానికి అమ్మ తెల్లచీరని పసుపునీళ్ళలో ముంచి తీగ మీద ఆరేసింది. ఆ కొంగు మీద ఒక కాకి రెట్ట వేసి పోయింది. అక్క చీర మీద మరకా! వాళ్ళింట్లో ఎంత మరకైనా చౌడుమట్టికి లొంగాల్సిందే. అప్పుడు నాంచారి గుప్పెడు చౌడు తెచ్చి, కొంగు తడిపి, బరబరా రుద్దేసింది.

మరక పోయింది. దానితోపాటు పసుపూ పోయింది. కొంగంతా ఎర్రగా అయిపోయింది తల్లీ!

సాయంత్రానికి పెళ్ళివారు దిగుతారు. పెళ్ళికొడుకు తల్లి పిల్లి ఎదురొస్తే ప్రయాణం మానుకునే మనిషి. పచ్చటి చీర ఎర్రబడిందంటే పెళ్ళి ఆపేయదూ?

అప్పుడు చీర చంకన పెట్టుకుని ఏటికి పరిగెత్తింది. నీళ్ళలో జాడించింది, ఎరుపు కదల్లేదు. మళ్ళీ చౌడు రుద్దింది, ఇంకా ఎర్రబడింది. ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచక ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, మిట్టమధ్యాహ్నం, ఆ ఇసకలోనే నిద్రపోయింది.

అప్పుడు ఏరు మెల్లగా లేచి నిలబడి నిచ్చెన అయింది. దానికి పద్నాలుగు మెట్లు. నట్టనడుమ ఏడో మెట్టు మీద తేటగా ఒక ముసలమ్మ కూర్చుని ఉంది.

"నేను మంచినీళ్ళమ్మనే. నాకు పులుపూ లేదు, చౌడూ లేదు. ఎవరి వైపూ లాగను. అందుకే నీ ఎరుపు నాతో పోలేదు. పైకెళ్ళి అడుగు," అంది.

నాంచారి పైకెక్కింది. ఎక్కేకొద్దీ మెట్లు సబ్బు రాసినట్టు జారుతున్నాయి. పదో మెట్టు మీద చౌడమ్మ, పన్నెండో మెట్టు మీద సున్నమయ్య.

"దగ్గరికి రాకు, చెయ్యి పొక్కుతుంది!" అన్నాడు సున్నమయ్య. "పసుపు మా దగ్గరికొస్తే ఎర్రబడుతుంది. మళ్ళీ పచ్చబడాలంటే కిందివాళ్ళు లాగాలి."

ఆ తర్వాత నాంచారి కిందికి దిగింది. నీళ్ళమ్మ పక్కనే పాలు, నాలుగో మెట్టు మీద మజ్జిగ, మూడో మెట్టు మీద చింతపండు. దిగేకొద్దీ పళ్ళు పులిశాయి. రెండో మెట్టు మీద నిమ్మకాయ కూర్చుని కాళ్ళూపుతోంది.

"నేను లాగుతాలే. కానీ చుక్కచుక్కగా పిలు. ఇక్కడ ఒక్కో మెట్టు దిగితే పులుపు పదింతలవుతుంది. రంగు తిరగ్గానే నన్ను ఆపి, చీరని నీళ్ళమ్మకి అప్పగించు," అంది.

చదువుకున్నవాళ్ళు ఆ కిందివాళ్ళని ఆమ్లాలంటారు, పైవాళ్ళని క్షారాలంటారు. ఆ నిచ్చెనకి పీహెచ్ అని పేరు పెట్టారు. నాంచారికి ఆ పేర్లేవీ తెలీవు. దిగ్గున లేచి, పెరట్లో నిమ్మకాయ కోసుకొచ్చి, ముంత నీళ్ళలో పిండి, కొంగు మీద కొంచెం కొంచెంగా పోసింది. మొదటి ధారకి ఏమీ కాలేదు. రెండో ధారకి నారింజ రంగొచ్చింది. మూడో ధారకి పచ్చగా నవ్వింది! వెంటనే ఆపి, ఏట్లో జాడించి ఆరేసింది. అంత మంచి పిల్ల ఎక్కడుంటుంది చెప్పు?

సాయంత్రం పెళ్ళికొడుకు తల్లి వచ్చి చీర పట్టి చూసి, "ఎంత పచ్చగా ఉందో!" అంది. అయినా నాంచారికి అన్నం సయించలేదు. అక్కకి చెప్పలేదు కదా.

తెల్లారాక పెళ్ళికూతురి పాదాలకి పారాణి కావాలన్నారు. అమ్మ పసుపులో సున్నం వేసి కలిపింది. పారాణి కలపడం నాంచారి ఎప్పుడూ చూడలేదు. గిన్నెలో అదే ఎరుపు! అప్పుడిక ఆగలేక అక్క చెవిలో అంతా చెప్పి, వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆదెమ్మ చెల్లెలి కళ్ళు తుడిచి, గిన్నె చేతికిచ్చింది.

"కొంగుకి రాసింది నువ్వేగా. కాళ్ళకీ నువ్వే రాయవే," అంది.

నాంచారి ముక్కు ఎగబీలుస్తూనే రాసింది. పెళ్ళికొడుకు తల్లి వంగి చూసి, "ఎంత ఎర్రగా ఉందో, శుభశకునం!" అంది. అక్కాచెల్లెళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని కిసుక్కున నవ్వారు.

కింద పులుపు, పైన జారుడు, నట్టనడుమ నీళ్ళు,
కథ కంచికి, మనం ఇంటికి, మూసుకో నీ కళ్ళు.