స్క్రూలకు వేసే మందు

జోగినాయుడు మాస్టారిని ఏదైనా ప్రశ్న అడిగితే జవాబుకు బదులు పని దొరికేది. పోలీసు ఆయుధశాలలో తుపాకులు బాగుచేసి రిటైరై, విజయనగరంలో ఎయిర్ రైఫిల్ క్లబ్బు నడుపుతున్న మనిషాయన. చెవులకంటే చేతులకే విషయం తొందరగా ఎక్కుతుందని ఆయన నమ్మకం. మాలాంటి వాగుడుకాయలకు ఈ పద్ధతి బొత్తిగా రుచించేది కాదు.

దసరా వెళ్ళిన మర్నాడు గౌరీశ్వరి ముఖం వేలాడేసుకుని వచ్చింది. ఒకప్పుడు ఆయన దగ్గరే నేర్చుకుని, ఇప్పుడు అదే క్లబ్బులో కొత్తవాళ్ళకు నేర్పుతోందామె. ఆమె శిష్యులందరిలోకీ మంచి గురి ఉన్న నీలవేణి అనే కాలేజీ పిల్ల ఇక రానని చెప్పేసిందట. రాష్ట్రస్థాయి ఎంపికలు చూస్తే ముంచుకొస్తున్నాయి.

"నా దగ్గరే నేర్చుకుంటున్న తిరుపతిగాడికీ దానికీ ఒకేలా నేర్పాను మాస్టారూ, ఒకేలా తిట్టాను. వాడు నిలబడ్డాడు, ఇది మానేసింది. నా తప్పేటండీ ఇందులో?"

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టారు. "ఆ పిల్ల తుపాకీకి స్క్రూలు వదులయ్యాయి. బిగించు. లాక్ మందు బీరువాలో ఉంది."

స్క్రూలు అదురుకి ఊడిపోకుండా మరల్లో వేసే జిగురుకి ఆయన పెట్టుకున్న పేరది.

గౌరీశ్వరి ఉక్రోషంగానే లేచింది. తుపాకీ ఖాళీగా ఉందో లేదో మాత్రం మరిచిపోకుండా చూసుకుంది, ఆయన శిష్యురాలు కదా. కానీ ముందురోజు ఆయుధపూజ. మా క్లబ్బులో ఆ రోజు తుపాకులకు దోసెలకు పోసినట్టు నూనె పోస్తారు, అదొక భక్తి. ఆ నూనె తుడవకుండానే గురిచూసే సైటు స్క్రూలకు మందు ధారగా పోసి బిగించేసింది. చెంప ఆనించే ప్లాస్టిక్ దిమ్మ స్క్రూలకూ అంతే పోసింది. "ఇప్పుడెలా ఊడతాయో నేనూ చూస్తాను" అంది. మాస్టారు చూస్తూ కూర్చున్నారు.

సాయంత్రం ఆమె వేలు పెట్టి కదిపితే సైటు తాపీగా కదిలింది. నూనె మీద మందు పట్టనేలేదు. దిమ్మకేమో స్క్రూ చుట్టూ సన్నటి బీటలు కనిపించాయి. చెంప ఆనించి చూడబోయేసరికి టక్కున విరిగి చేతిలోకొచ్చింది. గౌరీశ్వరికి ఏడుపొక్కటే తక్కువ.

"తెలిసి కూడా ఊరుకున్నారా మాస్టారూ!"

"పాత దిమ్మ ఇంకోటుందిలేమ్మా" అన్నారాయన నవ్వుతూ. కిటికీ తెరిచి, చేతులకు తొడుగులు వేసుకున్నారు. సైటు స్క్రూలు ఊడదీసి, స్పిరిట్ గుడ్డతో మరలు మెరిసేదాకా తుడిచారు. ఒక్కోదానికి ఒక్క చుక్క. ట్రిగ్గర్ వైపు జారకుండా చూసుకుంటూ బిగించి, పైకొచ్చిన కాస్తా తుడిచేశారు. "ఇనుముకీ ఇనుముకీ మధ్య గాలాడనిచోట గట్టిపడతాది ఇది. రేపు సాయంత్రం దాకా ముట్టుకోకు."

పాత దిమ్మ చేతిలోకి తీసుకోగానే గౌరీశ్వరి మూత తీసిన సీసా అందించింది. ఆయన ఆమె చేతిని పక్కకి నెట్టేశారు. పొడి స్క్రూలే వేసి, అవి ఆగినచోట బిగింపు ఆపేశారు.

"దీనికి మందొద్దాండీ?"

"ప్లాస్టిక్ కదా. దీని మీద మందు గట్టిపడదు సరికదా, దీన్నే తినేస్తాది."

"మరి మళ్ళీ వదులైపోతే?"

"అవుతాది. అప్పుడప్పుడూ చూసుకోవాలి, చేత్తో బిగించుకోవాలి. పనే మరి."

గౌరీశ్వరి విరిగిన ముక్కని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత ఒక చేత్తో సీసా అలాగే పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ తీసింది.

"నీలా, మొన్న నేను మరీ ఎక్కువ మాట్లాడేశాను. తప్పు నాదే. నీ తుపాకీ చెంపదిమ్మ కూడా నేనే విరగ్గొట్టేశాను."

మేమంతా ఫోను వైపు చెవులు రిక్కించాం. అవతలి నవ్వు ఫోనులోంచి మాక్కూడా వినబడింది.

"మీరా మేడం! ఎలా విరిగింది?"

"వస్తే చూపిస్తాను."

"రేపొస్తాను మేడం."

గౌరీశ్వరి ముఖం విప్పారింది. మాకూ ఎంత సంతోషమేసిందో! పోతుందనుకున్న పిల్ల తిరిగొస్తోంది. ఆ ఉత్సాహంలో గౌరీశ్వరి గొంతు పెంచింది. "రా తల్లీ, రా. కానీ ఆ మోచెయ్యి అలా వంచడం మానాలి, తెలిసిందా? ఊపిరి వదిలేది కూడా సరిగ్గా లేదు, ఇంకా నువ్వు నిలబడేటప్పుడు..."

బల్ల అవతలినుంచి మాస్టారు చెయ్యెత్తి సీసా వైపు చూపించారు.

"మూత పెట్టెయ్యమ్మా."