సముద్రం వైపు గోడ

సుభాన్‌కి గోడ మీద కోపం వచ్చింది. మనిషి మీద కోపమైతే మాటా మాటా అనుకుని తేల్చుకోవచ్చు. గోడతో ఏం తేల్చుకుంటాడు?

ఆ గోడ కొండ మీది దర్గాకి వెనకవైపు ఉంది. ఆ ఊరు రేవు పట్నం. సముద్రం దాకా వచ్చి ఆగిన కొండలూ, కొండల మీదికి పాకిన ఇళ్లూ, మెట్ల వీధులూ. ఒక కొండ మీద గుడి గోపురం, ఇంకో కొండ మీద చర్చి గంట, కింద రేవు దగ్గర గడియార స్తంభం. అన్నిటికీ చివరి కొండ మీద దర్గా. దాని వాకిలి ఊరివైపు, వెనక గోడ సముద్రం వైపు. ఆ గోడ కింద కొండ నిట్టనిలువుగా నీళ్లలోకి దిగిపోతుంది. అటువైపు మేకలు కూడా పోవు.

ఏటా వానలు వెనకబట్టగానే ఆ గోడకి సున్నం వెయ్యాలి. ఊరివైపు గోడలు పాచి పట్టి ఉన్నా సరే, ముందు వెనక గోడకే వెయ్యాలి. దర్గా కట్టిన నాటి నుంచీ అదే ఆనవాయితీ. ఆ పని సుభాన్‌ది.

సుభాన్ మెట్ట ఊరి తాపీ మేస్త్రీ కొడుకు. తడి సున్నంతో తీగలూ పువ్వులూ దిద్దితే ముట్టుకుని చూడాలనిపించేటంత పనితనం ఉన్నవాడు. అలాంటివాడు అన్నీ వదులుకుని దర్గా గురువు కరీముల్లా షా దగ్గరికి శిష్యుడిగా వస్తే, ఆయన అతని చేతికి సున్నం బాల్చీ, కుంచె ఇచ్చి వెనక గోడకి పంపించాడు.

పని మాత్రం తక్కువదేం కాదు. సముద్రపు గుల్లలు కాల్చి, ఆ సున్నాన్ని రోజుల తరబడి నానబెట్టి, బట్టలో వడగట్టి, జిగురు కలపాలి. పైన రాతి స్తంభానికి మోకు కట్టి, నడుముకి ఆ మోకు చుట్టుకుని గోడ మీదుగా దిగాలి. గాలి ఎదురుకొడితే కుంచెలో సున్నం కళ్లలోకే వస్తుంది. కరీముల్లా షా ఆ రోజుల్లో మోకు పక్కన తస్బీ పూసలు తిప్పుకుంటూ కూర్చునేవాడు. కళ్లు మూసుకునే ఉండేవాడు. కునుకు తీస్తున్నాడనుకునేవాడు సుభాన్.

తోటి శిష్యుడు రహమతుల్లాకి మాత్రం వాకిలి దక్కింది. వాకిలి కమాను మీద అతను దానిమ్మ పువ్వులు దిద్దాడు. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చినవాళ్లు అక్కడ ఆగి నోరు తెరిచేవాళ్లు. ఎవరు చేశారని అడిగేవాళ్లు. రహమతుల్లా అని చెప్పేవాళ్లు. బాల్చీ పట్టుకుని అటుగా పోతూ సుభాన్ ఈ మాటలన్నీ వినేవాడు. దానిమ్మ పువ్వుకి రేకులు అలా ఉండవని అతనికి తెలుసు. ఎవరితోనూ అనలేదు గానీ, తెలుసు.

అదైనా ఓర్చుకునేవాడు. గురువు ఒక్కసారి గోడ అంచుకి వచ్చి, వంగి చూసి, బాగుంది బేటా అని ఉంటే ఇంకో పదేళ్లు మోకుకి వేలాడి ఉండేవాడు. కరీముల్లా షా ఎప్పుడూ వంగి చూడలేదు. పని ముగించి సుభాన్ పైకి రాగానే అడిగేది ఒకటే మాట.

"అయిందా?"

"అయింది హజ్రత్."

అంతే. ఆయన లేచి నమాజుకి పోయేవాడు.

ఈ ఏడాది గోడ అంతా అయిపోయాక కింద దక్షిణపు మూల ఒక్కటి మిగిలింది. అక్కడికి అందాలంటే పైకి ఎక్కి, మోకు విప్పి ఇంకోచోట కట్టి, రాయి దాటి బయటికి వేలాడాలి. ఏటా చేస్తున్నదే. ఈసారి సుభాన్ ఆ మూల వైపు చాలాసేపు చూశాడు. ఎవడు చూడొచ్చాడులే అనుకున్నాడు. పైకి వచ్చేశాడు.

"అయిందా?"

"అయింది హజ్రత్."

ఆ పూట అన్నం సయించలేదు. మర్నాటికి సయించింది. అబద్ధంతో వచ్చే చిక్కే అది. మూల మాత్రం నల్లబడుతూ వచ్చింది.

చలికాలం చివర్లో కొండ ముక్కుకి అవతల మేడ కట్టిస్తున్న షావుకారు ఒకాయన దర్గాకి వచ్చాడు. సుభాన్ పనితనం గురించి ఎక్కడో విన్నాడు. మేడ ముందు భాగమంతా నీ ఇష్టం, స్తంభాలు నీవి, కమానులు నీవి, గుమ్మం పక్కన రాతి మీద నీ పేరు చెక్కిస్తానన్నాడు. సుభాన్ ఆ మాటను రెండు రోజులు నోట్లోనే నానబెట్టుకుని, మూడో రోజు పొద్దున్నే గురువు ముందు కూర్చున్నాడు.

"హజ్రత్, నేను వెళ్లిపోతాను."

కరీముల్లా షా తస్బీ ఆపాడు. "ఎక్కడికి?"

సుభాన్ చెప్పాడు. చెబుతున్నంతసేపూ, వద్దంటాడేమోనని భయపడ్డాడు. వద్దనకపోతాడేమోనని అంతకంటే ఎక్కువ భయపడ్డాడు.

"మంచిది," అన్నాడు ముసలాయన. "పేరు చెక్కిస్తానన్నాడు కదా, మంచిదే. పద, అక్కడి దాకా నేనూ వస్తాను."

ఆగమని ఒక్క మాటైనా అనలేదు. ఇన్నేళ్ల సేవకి ఇంతేనా అనిపించి సుభాన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. తల వంచుకుని బట్టలు మూటగట్టుకున్నాడు.

వాకిలి దాటుతుంటే దానిమ్మ పువ్వులు కనిపించాయి. మెట్ల వీధి దిగుతుంటే ఎర్ర పెంకుల ఇళ్లూ, వాటి కొయ్య వరండాలూ, పాత గిడ్డంగి మందపాటి గోడలూ, గడియార స్తంభం చుట్టూ రాతి సింహాలూ ఒక్కొక్కటే ఎదురయ్యాయి. అన్నీ ఎవరో ఒకరు చేసినవే, అన్నీ జనం తలెత్తి చూసేవే. ఇకనుంచి వాటిలో తనదీ ఒకటి ఉంటుందని సుభాన్ తనకి తాను చెప్పుకున్నాడు. చెప్పుకుంటే సంతోషం రావాలి. రాలేదు.

గడియార స్తంభం దగ్గర కరీముల్లా షా ఆగాడు. "రోడ్డున పోతే కొండ ఎక్కి దిగాలి. నా మోకాళ్లు ఒప్పుకోవు. పడవ మీద పోదాం."

కొండ దిగేటప్పుడు సుభాన్ కంటే ముందు నడిచిన మోకాళ్లవి.

ఒడ్డున మాసేను వల బాగు చేసుకుంటున్నాడు. దర్గా కొండ కింది పేటలో ఉండే జాలరి. ముసలాయన్ని చూసి లేచి వల పక్కన పడేసి పడవ నీళ్లలోకి తోశాడు.

"మొదట లోపలికి పోనీ మాసేనూ," అన్నాడు కరీముల్లా షా. "ఊరంతా కనబడేంత దూరం పోయి, అప్పుడు పక్కకి తిప్పు."

అలలు దాటారు. మాసేను తెరచాప ఎత్తాడు. సుభాన్ ఎప్పుడూ సముద్రం మీదికి వచ్చినవాడు కాదు. పడవ అంచు గట్టిగా పట్టుకుని, మూట ఒళ్లో పెట్టుకుని, గురువు వైపే చూస్తూ కూర్చున్నాడు. చాలా దూరం పోయాక ముసలాయన అన్నాడు.

"సుభాన్, వెనక్కి తిరుగు. గడియార స్తంభం ఎక్కడుందో చూపించు."

సుభాన్ తిరిగాడు. పల్చటి మంచు ఇంకా విడలేదు. స్తంభం కనబడలేదు. ఇళ్లన్నీ కొండ రంగులో కలిసిపోయాయి. గుడి గోపురం కోసం వెతికితే అది రాళ్లలో ఒక రాయిలా ఉంది. చర్చి చెట్ల వెనక ఎక్కడో పోయింది. దర్గా వాకిలి అవతలివైపు ఉంది, కనబడే వీలే లేదు. అంత పట్నమూ ఒక ముడతలు పడిన దుప్పటి అయిపోయింది.

ఆ దుప్పటి మీద ఒక్కటే తెల్లగా ఉంది.

సుభాన్ చాలాసేపు దాన్నే చూశాడు. తన గోడ ఇంత పెద్దదని అతనికి తెలియదు. మొహం ఆనించి పనిచేసినవాడికి ఎలా తెలుస్తుంది?

"ఆ గోడకేసి ముక్కుసూటిగా వచ్చినామంటే రేవు, బాబు," అన్నాడు మాసేను, కొత్తవాడు చూస్తున్నాడు కదా అని. "కాసింత పక్కకి జరిగినామంటే నీటి కింద రాల్లు. మా తాతల కాడ్నించీ అదే గురుతు."

అప్పుడు సుభాన్ కళ్లు గోడ మీది నుంచి కిందికి జారాయి. దక్షిణపు మూల. తెల్లటి గోడకి ఆ మూల నల్లగా, కొరికేసినట్టుంది. ఇంత దూరం నుంచి కూడా.

అతను మాసేను వైపు తిరిగాడు. "ఆ మూల... ఆ నల్లటి మూల వల్ల ఎవరైనా దారి తప్పారా?"

"దారికేటి బాబు, అంత గోడుంటే దారి కనబడదేటి? మాకు దిగులు దారి గురించి కాదు."

"మరి?"

మాసేను తాడు సర్దుకున్నాడు. "ఆ గోడకి సున్నం కొట్టే బాబు ఒకడున్నాడు. ఎవులో మాకు తెల్దు. తాడుకి ఏలాడతా సీమంత కనబడతాడు. ఏటేటా ఎక్కడా ఒంక నేకుండా కొడతాడు. అలాంటోడు ఈ ఏడు మూల ఒగ్గేసినాడంటే ఊరికే ఒగ్గీడు. ఒంట్లో బాగునేదు గావాల, పని మజ్జెలో ఏటో అయిపోనాది గావాల అని మా పేటంతా అనుకున్నారు. మా ఇంటిది పోలమ్మైతే మొక్కీసుకుంది. ఆ మూల తెల్లగయ్యిందాకా తల్లో పువ్వెట్టనని. పువ్వుల పిచ్చి మనిషి బాబు అది. బోసి తల్తో తిరగతంది, సూడ్డానికే నాకు ఎలాగో ఉంటాది."



"కొండెక్కి అడగాల్సింది," అన్నాడు కరీముల్లా షా.

"అడగడానికి బయమేసింది బాబా," అన్నాడు మాసేను. "పోనాడని సెప్తారేమోనని." ఇక ఆగలేక అడిగేశాడు. "ఆ బాబు బాగున్నాడా?"

ముసలాయన సముద్రం వైపు చూశాడు. "జబ్బు చేసిన మాట నిజమే," అన్నాడు మెల్లగా. "ఇప్పుడిప్పుడే కోలుకుంటున్నాడు."

మాసేను పైకి చూసి దణ్ణం పెట్టుకున్నాడు.

సుభాన్ మూటలో మొహం దాచుకున్నాడు. ఎవరో తెలియని ఆడమనిషి, తన పేరు తెలియని మనిషి, తన కోసం పువ్వులు మానేసింది. తాను ఎవడు చూడొచ్చాడులే అనుకున్న రోజు నుంచీ. ఏడుపు ఆపుకోవాలని చూశాడు గానీ ఆగలేదు.

"హజ్రత్, పని అయిందని మీతో అబద్ధం చెప్పాను."

"నాతో ఏముందిలే," అన్నాడు కరీముల్లా షా. "నేను కొండ మీద ఉండేవాణ్ణి. ఆ గోడ బాగుందో లేదో నాకేం తెలుస్తుంది?"

సుభాన్ ఆ మాట విని తలెత్తాడు. ఇన్నేళ్ల కోపమూ ఏదో ఒక మూల ఇంకా ఉందేమోనని వెతుక్కున్నాడు. లేదు.

"పడవ తిప్పించండి హజ్రత్."

"అరె, షావుకారు ఎదురుచూస్తుంటాడు కదా. పేరు చెక్కించాలి."

"రహమతుల్లాని పంపుదాం. రేకులు కాస్త వెడల్పుగా దిద్దమని నేను చెబుతాను." సుభాన్ కళ్లు తుడుచుకున్నాడు. "నేను సున్నం నానబెట్టుకోవాలి."

సున్నం నానింది. ఒక పొద్దున సుభాన్ మోకు విప్పి కొత్తచోట కట్టి, రాయి దాటి బయటికి దిగాడు. ఎప్పటిలాగే కరీముల్లా షా మోకు పక్కన కళ్లు మూసుకుని కూర్చున్నాడు. కాలు పెట్టిన రాయి ఒకటి జారి సుభాన్ ఒక్క జానెడు కిందికి పోయాడు. అంతలోనే మోకు బిగిసింది. తల పైకెత్తి చూస్తే మోకు కొస ముసలాయన రెండు చేతుల్లో ఉంది. తస్బీ నేల మీద పడి ఉంది. కళ్లు మాత్రం మూసుకునే ఉన్నాయి.

సుభాన్ మూల పూర్తిచేసి పైకి వచ్చాడు.

ఆయన అయిందా అని అడగలేదు.

ఆ శుక్రవారం దర్గాకి ఒకామె వచ్చింది. మెట్లెక్కిన ఆయాసంతో వాకిట్లో నిలబడి, కమాను మీది పువ్వుల వైపు తలెత్తి కూడా చూడకుండా, బాల్చీ కడుగుతున్న సుభాన్ దగ్గరికి వచ్చింది. తల్లో కనకాంబరాలు. ఇన్నాళ్ల కరువూ తీరేలా దండలు దండలుగా పెట్టుకుంది.

"బాబు, ఆ ఎనక గోడకి సున్నం కొట్టే బాబు కులాసానా?"

సుభాన్ సున్నం తిన్న చేతులు బాల్చీలోనే ఉంచేశాడు.

"కులాసాగా ఉన్నాడమ్మా," అన్నాడు.