నూట ఎనిమిదో బిరుదు

పొగడ్తంటే చెవి కోసుకునే రాజొకడు ఉండేవాడు. ఒక పొద్దున ఆయన సభలోకి చెరువు కట్ట కాపలా కాసే ఓబులమ్మ రొప్పుతూ వచ్చి పడింది.

"గండి పడింది దొరా! ఊరు మునిగిపోతోంది, మనుషుల్ని పంపండి!" అని గుండెలు బాదుకుంది.

ఆస్థాన లేఖకుడు కుమారగిరి పంతులు ముక్కు చిట్లించాడు. "ఏమిటీ గగ్గోలు? ముందు ప్రభువుల నూట ఎనిమిది బిరుదులూ పలకాలి, తర్వాతే మనవి. నేను అందిస్తాను. నిదానంగా, రాగం తీసి చెప్పు."

ఓబులమ్మ రాజు వైపు చూసింది. ఆయన అప్పటికే వినడానికి కళ్లు మూసుకున్నాడు. ఇక చేసేదేముంది? నోరు తిరగని ఆ సమాసాలన్నీ పలకసాగింది. పదో బిరుదుకు నీళ్లు పల్లపు వీధికి వచ్చుంటాయి అనుకుంది. యాభయ్యో బిరుదుకు తన గుడిసె, అందులో మంచాన ఉన్న అత్త గుర్తొచ్చి గబగబా పలికేసింది.

"రాగం తప్పింది, మళ్లీ!" అన్నాడు పంతులు.

నూట ఏడు అయ్యాయి. "ఇక చివరిది. తటాక పరిరక్షకా! అంటే చెరువులను కాపాడేవాడా అని. ఊఁ, పలుకు."

ఓబులమ్మ తల అడ్డంగా ఊపింది. రాజు కళ్లు తెరిచాడు. "చివరిది చెప్పవేం?"

"అదింకెక్కడుంది దొరా? పొద్దున్నే గండిలో కొట్టుకుపోయింది."

రాజు ముఖం పాలిపోయింది. "గుర్రాలు! వెంటనే గుర్రాలు పంపండి!" అని కేకపెట్టాడు.

ఓబులమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మొదటి బిరుదప్పుడైతే గుర్రాలు సరిపోయేవి దొరా. ఇప్పుడు పడవలు పంపండి."