మరక లేని డిప్లొమా

నీలాయిపేటలో సబ్బుల గవర్రాజు ఇంట్లో ఉన్నంత తెలివి ఇంకెక్కడా లేదు. ఊరు అన్న మాట కాదిది, ఆ ఇంటివాళ్ళే అనుకునేవాళ్ళు. "మన తెలివి పక్కింటికి కాస్త అప్పిచ్చినా తరగదు" అనేవాడు గవర్రాజు. తమ్ముడు పేర్రాజు తలూపేవాడు. గవర్రాజు పెళ్ళాం సుభద్రమ్మ ఇద్దరికీ దిష్టి తీసేది.

పెరట్లో రేకుల షెడ్డులో సబ్బులు కాచి అమ్ముకోవడం వాళ్ళ బతుకుతెరువు. సబ్బు మాత్రం నిజంగా మంచిది, ఒప్పుకోవాలి. ఒకరోజు ఇన్‌స్పెక్టరు వచ్చి, "ఇంట్లో ఒక్కరికైనా కెమిస్ట్రీలో పీజీ డిప్లొమా ఉండాలి. ఏడాదిలో చూపించకపోతే షెడ్డుకి తాళమే" అని చెప్పి పోయాడు. అంతే, సుభద్రమ్మ పొయ్యి దగ్గరే కూలబడింది.

"ఏడవకే! నేనూ తమ్ముడూ ఇద్దరం చేరతాం. ఒకడి తెలివి చాలకపోతే రెండోవాడిది ఉంటుందిగా" అన్నాడు గవర్రాజు. బీఎస్సీలు ఇద్దరికీ ఉన్నాయి. ఎలా వచ్చాయని నన్నడక్కండి, పాసు చేసినవాళ్ళనడగండి.

యూనివర్సిటీలో మొదటిరోజే ల్యాబు. పాఠం చెప్పే హైమవతి మేడమ్ మహా ఓపికున్న మనిషి. పొడుగాటి బ్యూరెట్టు గొట్టాన్ని గవర్రాజుకి అప్పజెప్పి, "కింద ఫ్లాస్కులోకి చుక్కచుక్కగా వదలండి. బ్యూరెట్ మీంచి కళ్ళు తీయొద్దు. గులాబీ రంగు రాగానే కట్టేయండి" అంది.

ఇంకేముంది! గవర్రాజు రెప్ప వాల్చకుండా బ్యూరెట్టునే చూస్తూ నిలబడ్డాడు. కింద ఫ్లాస్కు గులాబీ రంగైంది, నిండింది, పొంగింది. గొట్టం ఖాళీ అయినప్పుడల్లా పేర్రాజు నింపుతున్నాడు. బల్ల తడిసింది, మేడమ్ చీర కుచ్చిళ్ళు తడిశాయి.

"ఏంటండీ ఇది?" అని అరిచింది మేడమ్.

"తొందరపడకండి మేడమ్. బ్యూరెట్టుకి ఇంకా రంగు రాలేదు" అన్నాడు గవర్రాజు, చూపు తిప్పకుండానే.

పాపం, ఆవిడ బల్ల తుడిపించి, "సరే, చూసింది చూసినట్టు రికార్డులో రాయండి, సొంత కవిత్వం వద్దు" అంది. పేర్రాజు నాలుగు పేజీలు నింపాడు. 'మేడమ్ వచ్చారు. మేడమ్ ఆవులించారు. మేడమ్ తల పట్టుకున్నారు. కిటికీలో పావురం కూర్చుంది. మేడమ్ మళ్ళీ తల పట్టుకున్నారు.'

"ఇందులో ప్రయోగం ఏదయ్యా?"

"ప్రయోగం అన్నాయ్ చూశాడండి. నేను మిమ్మల్ని చూశాను."

ఇలాగే ఏడాది గడిచింది. పరీక్ష రోజు పొద్దున్నే అటెండరు రాలేదు. మేడమ్ కంగారుగా, "మీరిద్దరూ ఆ బల్ల మీద సీసాలు కడిగి పెట్టండి. లోపల చుక్క మిగలకూడదు" అని, బయటి నుంచి వచ్చే పరీక్షాధికారిని తీసుకురావడానికి వెళ్ళింది. అన్నదమ్ములు సంచిలోంచి సొంత సబ్బు తీశారు. ఖాళీ సీసాలు కడిగారు. పక్కన క్లాసంతటి పరీక్షకీ కలిపి ఉంచిన ద్రావణాల సీసాలూ ఉన్నాయి. బల్ల ఒకటే కదా! అవీ తూములోకి ఒంపేసి తళతళలాడించారు.

వాటిని చూసి మేడమ్ మళ్ళీ తల పట్టుకుంది. పరీక్షాధికారి గొణుక్కుంటూ, మిగిలిన పొడి పొట్లాలే తలా ఒకటి ఇచ్చి, "ఇందులో ఏముందో కనిపెట్టండి" అన్నాడు.

గవర్రాజు పొట్లం విప్పి, "పొడి ఉందండీ" అన్నాడు. తప్పాడు.

పేర్రాజు మాత్రం చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపాడు. మొహం వెలిగిపోయింది. "చాకలిసోడా అండీ! మా ఇంట్లో గోనెలకొద్దీ ఉంది" అన్నాడు. నిజంగా అదే. గుడ్డిదెబ్బ తగిలినట్టు పాసైపోయాడు!

హైమవతి మేడమ్ డిప్లొమా కాగితం చేతికిస్తూ కళ్ళు తుడుచుకుంది. సంతోషమో, పీడ విరగడైందనో తెలియదు. "జాగ్రత్త పేర్రాజుగారూ. దీని మీద ఒక్క మరక ఉన్నా ఇన్‌స్పెక్టరు ఒప్పుకోడు" అంది.

ఇంటికొచ్చి కాగితం విప్పారు. సుభద్రమ్మ లబోదిబోమంది.

"అయ్యో మరిదిగారూ, నిండా మరకలేనండీ! వరసగా నల్లవి, కింద నీలంగా గీతలు, మూల గుండ్రంగా ఎర్ర మరక! రేపే కదా ఇన్‌స్పెక్టరొచ్చేది!"

అంతే, తొట్టిలో నీళ్ళు పోశారు. ముగ్గురూ వంతులవారీగా తమ సబ్బే పట్టించి, చిరగకుండా మెల్లగా రుద్ది, దండెం మీద ఆరేసి, ఇస్త్రీ చేశారు.

మర్నాడు ఇన్‌స్పెక్టరు కాగితం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఇందులో ఏమీ లేదేంటి?"

"మా సబ్బు తడాఖా అండీ! ముద్ర కూడా మిగల్లేదు" అన్నాడు గవర్రాజు రొమ్ము విరిచి.

ఇన్‌స్పెక్టరుకి ఒళ్ళు మండిపోయింది. షెడ్డు మూసేయాలని అక్కడికక్కడే నోటీసు రాసి, సంతకం చేసి, ముద్ర గుద్ది, "ఇది తలుపుకి అంటించండి. ఇందులో ఉన్నది ఉన్నట్టు జరగాలి!" అని విసవిసా వెళ్ళిపోయాడు.

ముగ్గురూ నోటీసు చుట్టూ చేరారు. సుభద్రమ్మ బుగ్గ నొక్కుకుంది.

"ఆయన చేతిదైతే మాత్రం? దీని మీదా ఇన్ని మరకలా!"

దాన్నీ తొట్టిలో వేశారు. తెల్లగా ఉతికి, ఆరబెట్టి, తలుపుకి అంటించారు. పేర్రాజు దాని ముందు నిలబడి కిందికీ పైకీ రెండుసార్లు చూసి, "అన్నాయ్, ఇందులో ఏమీ లేదు" అన్నాడు.

"ఉన్నది ఉన్నట్టు జరగాలన్నారు కదరా. పద, పొయ్యి వెలిగిద్దాం" అన్నాడు గవర్రాజు.