ధార పోసిన వేరుశెనగ

అనగనగా ఒక అడవిలో పన్ను కట్టే పందికొక్కు ఒకతి ఉండేది. నవ్వకండి! పందికొక్కంటే దోచుకు తినేదే అనుకునేవాళ్లు మా సూరమ్మను చూడలేదు. ఆమె కలుగులోని వేరుశెనగంతా గోళ్లు అరగదీసుకుని సంపాదించిందే.

ఆ అడవికి ఏనుగు రాజు. ఏడాది చివర కోయిల తొలికూత కూయగానే, ఎవరి దగ్గరున్న గింజల్లోనైనా రాజుగారికి వాటా ఇవ్వాలి. కూతకు ముందే, దిక్కులేనివాళ్ల చేతిలో నీళ్లు ధార పోసి దానమిచ్చిన గింజలకు మాత్రం వాటా లేదు. అయినవాళ్లకు పెట్టేది కానుక. దానికి వాటా తప్పదు.

సూరమ్మ మూడు కుప్పలు పోసింది. ఒకటి తన తిండికి. ఒకటి వరదలో ఇళ్లు పోయిన కుందేళ్లకు. ఒకటి చెల్లెలి కూతురు చిట్టెమ్మ కొత్త కాపురానికి.

అది చూసి నక్క పళ్లికిలించింది.

"కానుకకు వాటా కడతావా అక్కా? పిచ్చిదానా! చిట్టెమ్మను కాస్త కుంటమను. దిక్కులేనిదని ధార పోసెయ్. నేనూ మా బావమరిదికి అలాగే పోస్తున్నా. కూత అయ్యాక గింజలు మళ్లీ మా ఇంటికే!"

సూరమ్మ మనసు ఒక్క క్షణం ఊగింది. వాటా పోతే పిల్ల మూట చిక్కిపోతుంది మరి! కానీ 'కుంటమను' అన్న మాట గుర్తుకొచ్చి మీసాలు నిక్కబొడుచుకున్నాయి.

"నేను బతికుండగా నా పిల్ల దిక్కులేనిదెట్లా అవుతుందిరా? నీ తెలివి నీ తోకకే చుట్టుకో. ఫో!"

కుందేళ్లకు మాత్రం ఆ పూటే ధార పోసింది. కోయిల కూసింది. వాటా వసూలుకు రాజుగారి కొంగ వచ్చింది.

"ఈ కుప్ప?"

"నా తిండి. వాటా తీసుకో."

"ఇది?"

"చిట్టెమ్మకు కానుక. వాటా తీసుకో."

"మూడు కుప్పలు పోశావట, మూడోది ఏది?"

"దానమైపోయింది. కుందేళ్ల వాకిట్లో చూసుకో."

కొంగ తలవంచి దండం పెట్టింది.

అటు నక్క బావమరిది ఇంటికి పరుగెత్తింది. "నా గింజలు నాకియ్యరా!"

బావమరిది తాపీగా కాయ ఒలుచుకుంటూ అన్నాడు: "ధార పోశావుగా బావా! దానమిచ్చింది తిరిగి అడుగుతారా ఎవరైనా?"

"రాజుగారితో చెబుతా!"

"చెప్పు బావా. ఏమని చెబుతావో నేనూ వింటా."

నక్క తోక ముడుచుకుని వట్టి చేతులతో ఇంటిదారి పట్టింది.

చిట్టెమ్మ మూట కొంచెం చిన్నదైంది, నిజమే. అయినా దాన్ని నెత్తిన పెట్టుకుని అడవి నడిబాటనే దర్జాగా నడిచింది. ఎవరడిగినా ఒకటే జవాబు:

"మా పెద్దమ్మ పెట్టింది!"

నీతి: దానాన్ని దానమని, కానుకను కానుకని చెప్పి ఇచ్చినవాళ్లే తలెత్తుకు తిరుగుతారు.